ఓకే వెనక ఉన్నది ఒక పిచ్చి జోకు

ఓకే ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే తలా ఒక కథ చెబుతారు. గ్రీకులో అంతా బాగుంది అనడానికి ‘ఓలా కాలా’ అంటారు కాబట్టి అక్కడిదేనని కొందరు, కాదు అమెరికా ఆదివాసుల చోక్టా భాషలోదని ఇంకొందరు. ఈ రెండో కథను అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఎంత నమ్మాడంటే, కాగితాల మీద ఆ చోక్టా మాటలాగే ‘ఓకెహ్’ అని రాసేవాడట.

అసలు సంగతి ఇంత గంభీరంగా లేదు. 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్లకు ఒక సరదా పట్టుకుంది, మామూలు మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో తలుచుకుని వాటి మొదటి అక్షరాలు మాత్రమే అచ్చు వేయడం. ఆల్ రైట్‌ని oll wright అనుకుని ఓ.డబ్ల్యూ. అన్నారు. ఆల్ కరెక్ట్ అంటే న్యాయంగా ఏ.సీ. అవ్వాలి కదా, దాన్ని oll korrect అనుకుని ఓ.కే. చేశారు. ఉన్నవి రెండు అక్షరాలు, రెండూ తప్పే, అర్థం మాత్రం అంతా కరెక్ట్ అని! ఇది 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో వచ్చింది. అప్పటి వాట్సాప్ భాష అనుకోండి.

ఇలాంటివి చాలానే పుట్టాయి, దాదాపు అన్నీ పోయాయి. ఓకే మిగలడానికి 1840 ఎన్నికలు బాగా కలిసొచ్చాయి. రెండోసారి పోటీ చేస్తున్న అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్, అందుకని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచేవాళ్లు, అభిమానులు ఓ.కే. క్లబ్బులు పెట్టారు. అవతలి పక్షం ఊరుకుంటుందా? అంతకుముందు అధ్యక్షుడు, వాన్ బ్యూరెన్ పార్టీవాడే అయిన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదు, ఆల్ కరెక్ట్ అని రాయలేక ఓ.కే. అని రాసేవాడని పుకారు పుట్టించారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు కానీ ఈ తిట్లూ పొగడ్తల మధ్య మాట ఊరంతా తిరిగేసింది, తర్వాత టెలిగ్రాఫ్ వాళ్లు కూడా సందేశం అందిందని చెప్పడానికి దాన్నే వాడుకున్నారు.

ఇదంతా పాత పత్రికలు తిరగేసి 1960ల్లో బయటపెట్టినవాడు ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు. ఆయన ఓపికకు దండం పెట్టాలి. అయినా జనానికి పాత కథలే ఇష్టం, అంత పెద్ద మాటకు ఇంత చిల్లర పుట్టుకా అని కాబోలు.

అర్థం కూడా ఒకచోట నిలిచింది కాదు. సరే అనడానికి ఓకే, కాల్ పెట్టేయడానికీ ఓకే. సినిమా ఎలా ఉందంటే ‘ఊఁ... ఓకే’ అన్నారంటే టికెట్ కొనక్కర్లేదు. ఇప్పుడు దాన్నీ కుదించి ఒట్టి ‘కే’ అని పంపుతున్నారు, అది వచ్చిందంటే ఏదో కరెక్ట్‌గా లేదనే నా లెక్క.