చార్టులో ఖాళీ ముక్క

ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ తింటూ మావాడు చల్లగా చెప్పాడు. రేపు స్కూల్లో చార్ట్ చూపించి డార్క్ మ్యాటర్ గురించి మాట్లాడాలట. చెప్పి వారమైందట. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావురా అని అడిగి లాభం లేదు, నేనూ చిన్నప్పుడు అదే బాపతు.

మా బెంగళూరు మారతహళ్ళిలో స్టేషనరీ కొట్టు తెరిచేసరికి పదిన్నర అవుతుంది. ఈలోపు పార్కుకి వెళ్ళాం. అక్కడ పిల్లలు ఎక్కితే గిర్రున తిరిగే ఇనుప చక్రం ఒకటుంది, రంగంతా పోయి తుప్పు తేలింది. నేను తోస్తుంటే "ఇంకా ఫాస్ట్ నాన్నా" అంటాడు. వేగం పెరిగేకొద్దీ కడ్డీని బిగబట్టి వాడి వేళ్ళు తెల్లబడ్డాయి. చివరికి ఒక చెయ్యి జారనే జారింది. పడలేదు గానీ అరచెయ్యి కమిలింది. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళు పోస్తుంటే తట్టింది, వీడికి చెప్పాల్సింది ఇదే కదా అని.

సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరిగెత్తుతాడు. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్‌ది అయిదు కిలోమీటర్ల నింపాది నడక. దూరం పోయేకొద్దీ సూర్యుడి పట్టు సడలుతుంది మరి. గెలాక్సీలోనూ అంతే అయి ఉండాలి, వెలుగంతా నడిమధ్యనే పోగై ఉంటుంది కదా. కానీ 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే, అంచుల్లో తిరిగేవి కూడా వేగం తగ్గించడం లేదని తేలింది. కంటికి కనిపించే పదార్థం ఒక్కటే పట్టుకుని ఉంటే అవి ఎప్పుడో చెయ్యి జారి ఎగిరిపోవాలి. 1933లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ గెలాక్సీల గుంపు ఒకదాన్ని చూసి ఇలాంటి అనుమానమే పడ్డాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

"మరి వాటిని ఎవరు పట్టుకున్నారు?"

"అదే డార్క్ మ్యాటర్. అదేంటో ఇంకా తెలీదు."

"గూగుల్‌లో కూడా లేదా?"

లేదు నాయనా. ఝార్ఖండ్‌లో జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ల్యాబ్ పెట్టి మనవాళ్ళూ వెతుకుతున్నారు. అంతరిక్షం నుంచి కురిసే కాస్మిక్ కిరణాల గోల అంత లోతులో బాగా తగ్గుతుంది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. మొదట్లో ఈ డార్క్ మ్యాటరే గుంపులు కట్టి లాగబట్టే వాయువంతా ఒకచోట చేరి గెలాక్సీలు పుట్టాయట. అది చెప్పబోయేసరికి వాడు చురుమురి బండి దగ్గరికి పోయాడు. చురుమురి అంటే మన బొరుగుల మసాలానే, కొంచెం తీపి ఎక్కువ.

మధ్యాహ్నం చార్ట్ మీద పళ్ళెం పెట్టి గుండ్రం గీశాం. విశ్వంలోని మొత్తం సరుకులో నక్షత్రాలు, గ్రహాలు, మనం, ఇడ్లీలు, వాయువులు అంతా కలిపి 5 శాతం. డార్క్ మ్యాటర్ 27. మిగతా 68 డార్క్ ఎనర్జీ, దాని జోలికి ఈ ఆదివారం వెళ్ళదలచుకోలేదు.

అనంతపురం నుంచి అమ్మ ఫోన్.

"ఏం చేస్తాండారు?"

"కంటికి కనపడనిదాన్ని గీస్తున్నాం."

"దేవుడినా?"

నేను నవ్వి పెట్టేసేలోపు మావాడు 27 శాతం ముక్కకి నల్ల స్కెచ్ మూత తీసేశాడు. ఆపాను. పేరుకే డార్క్ గానీ నలుపు కాదు. నల్లనిదైతే వెలుగుని మింగాలి, దీంట్లోంచి వెలుగు దర్జాగా దాటిపోతుంది. పేరు పెట్టినవాళ్ళని అనాలి.

"అయితే ఏ రంగు?"

కాసేపు ఆలోచించి ఆ ముక్కని ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు వాడికి ఒకటే టెన్షన్, మేడమ్ చూసి చార్ట్ పూర్తి చెయ్యలేదంటుందేమో అని.