కూరగాయలకు నెలకు ఎంత? పేదరికం అధ్యాయంలో నేను పోగొట్టుకున్న మార్కులు

ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష మొదటి ప్రయత్నంలో నన్ను ముంచింది నాకు కంఠతా వచ్చిన పేదరికం అధ్యాయమే. ఆర్థికవేత్తలు దండేకర్–రథ్, 1971, రోజుకు తలకు 2,250 కేలరీలు. టెండూల్కర్ కమిటీ పేదరికపు గీత (అంతకన్నా తక్కువ ఖర్చు పెట్టేవాళ్లు పేదలు) గ్రామాల్లో నెలకు తలకు 816 రూపాయలు, పట్టణాల్లో 1,000. రంగరాజన్ కమిటీ గీత 972, 1,407. చెన్నై కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో కూర్చుని ఇవన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి. పరీక్షలోనూ కమిటీల పేర్లు వరసగా రాసి వచ్చాను. ఒకే 2011-12 సంవత్సరానికి ఒక కమిటీ లెక్కలో పేదలు 21.9 శాతం, ఇంకో కమిటీ లెక్కలో 29.5 శాతం ఎలా అయ్యారో మాత్రం ఒక్క ముక్కా రాయలేకపోయాను.

ఆ ముడి అన్నానగర్‌లో, మా గది కింద ఇడ్లీ బండి నడిపే నెల్లూరు అక్క దగ్గర విడింది.

"అక్కా, ఇంట్లో కూరగాయలకు నెలకు ఎంతవుతుంది?" అని అడిగాను.

"పన్నెండు వందలు అవుతుందేమో నాయనా."

"పోయిన వారం ఎంతయింది?"

వేళ్లు మడుస్తూ రోజురోజూ గుర్తు చేసుకుని నాలుగు వందల యాభై అంది. నెలకు చూస్తే దాదాపు 1,900! బియ్యం మాట ఎత్తితే నెలకో బస్తా అని తడుముకోకుండా చెప్పింది. బట్టలంటే సంక్రాంతికి కొన్నవే అంది.

ఇంటింటి ఖర్చులు అడిగి రాసుకునే ప్రభుత్వ నేషనల్ శాంపిల్ సర్వేలో ఏళ్ల తరబడి నడిచిన వాదం సరిగ్గా ఇదే. అన్నిటికీ 30 రోజుల ఖర్చు అడగడం ఒక పద్ధతి. బట్టలు, చెప్పులు, చదువు వంటివాటికి ఏడాది ఖర్చు అడిగి, మిగతావాటికి 30 రోజులే ఉంచడం రెండోది. టెండూల్కర్ దీన్నే తీసుకున్నారు. కూరగాయలు, నూనె, గుడ్లు వంటివాటికి వారం ఖర్చు అడగడం మూడోది. రంగరాజన్ వాడింది ఇది. ఇలా అడిగితే నమోదయ్యే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి పేదలు తగ్గాలి కదా అని నేను చాలా రోజులు తికమకపడ్డాను. కానీ రంగరాజన్ గీతనే బాగా పైకి జరిపారు: కేలరీలతో పాటు మాంసకృత్తులు, కొవ్వు కూడా లెక్కలోకి తెచ్చారు. ఈ రెండు వాక్యాలు రాస్తే చాలు, కమిటీల చరిత్ర అంతా అక్కర్లేదు.

1999-2000 సర్వే కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆహారానికి వారం ఖర్చు, నెల ఖర్చు రెండూ ఒకే పత్రంలో పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాని మీద ప్రభావం చూపకుండా ఉంటుందా? 1993-94లో 36 శాతమున్న పేదరికం 26 శాతానికి పడిపోయినట్టు వచ్చింది. అందులో ఎంత నిజం, ఎంత ప్రశ్నాపత్రం చలవ? ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ దారి వెతికారు. అడిగే తీరు మారని వస్తువుల ఖర్చును ఆసరాగా తీసుకుని మిగతా లెక్కను సరిచేశారు. పేదరికం తగ్గిన మాట నిజమే, అంత మాత్రం కాదు. ఆయనకు 2015లో నోబెల్ వచ్చింది.

వృద్ధి సిద్ధాంతాల మీద నాకు చెప్పడానికి ఎక్కువ లేదు. వ్యవసాయం నుంచి పరిశ్రమలకు కూలీలు తరలడం మీద లూయిస్ (1954), ఆదాయ అసమానత మీద కుజ్‌నెట్స్ (1955) రాసిన మూలవ్యాసాలు ఒకసారి తిరగేయండి. తన వ్యాసంలో 5 శాతమే ఆధారాలు, 95 శాతం ఊహ అని కుజ్‌నెట్స్ తానే ఒప్పుకున్నారు. దాన్ని మనం, దేశం ఎదిగేకొద్దీ అసమానత మొదట పెరిగి తర్వాత తగ్గుతుందంటూ, తిరగేసిన యు ఆకారపు గీత గీసి వేదవాక్కులా రాస్తున్నాం.

క్షేత్ర ప్రయోగాల (ఒక పథకం పెట్టిన ఊళ్లను పెట్టని ఊళ్లతో పోల్చి చూసేవి) విషయంలో పది పేర్లు చల్లకుండా ఒక్కటి పూర్తిగా రాయండి. నేను రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రయోగం ఎంచుకున్నాను. అక్కడ టీకా శిబిరాలతో పాటు కిలో పప్పు కూడా ఇచ్చిన పల్లెల్లో పూర్తి టీకాలు వేయించుకున్న పిల్లలు 39 శాతం దాకా చేరారు. శిబిరాలు మాత్రమే పెట్టినచోట 18, ఏమీ చేయనిచోట 6.

రెండో ప్రయత్నంలో 2022-23 వినియోగ సర్వే మీద రాయాల్సి వచ్చింది. అందులో మునుపటిలా ఒక్కసారి కాక, ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. 2011-12తో పోల్చే ముందు ఆ తేడా గురించి మూడు పంక్తులు రాశాను. ఈసారి వ్రాతపరీక్ష గట్టెక్కింది. మౌఖిక పరీక్ష వచ్చే నెలలో.