మూడో తీగ కోసం నాలుగు నెలలు: నా అనుభవం

మొన్న గురువారం సాయంత్రం మా కాలనీ దారిలో తొమ్మిది వీధి దీపాలు వెలిగాయి. సంక్షేమ సంఘం కార్యదర్శిగా వాటి కోసం నాలుగు నెలలు తిరిగాను కనుక, వివరాలు మరుగున పడకముందే రాస్తున్నాను.

మాది తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం. బస్టాపు నుంచి కాలనీ మొదటి ఇంటి వరకు అర కిలోమీటరు దారిలో స్తంభాలున్నా దీపాలు లేవు. ఆ చీకట్లోనే మా పక్కింటి కోడలి మెడలోని పుస్తెల తాడును బండి మీద వచ్చినవాళ్లు తెంపుకుపోయారు.

పోలీసు స్టేషన్లో పని ఒక్క పూటలో అయింది. ఎస్సై గారు స్వయంగా వచ్చి దారంతా నడిచి చూసి, ‘నేను సైతం’ కార్యక్రమం కింద సీసీ కెమెరాలు పెట్టుకోమన్నారు. చీకట్లో బండి నంబరు కనిపించదు కాబట్టి దీపాలు కూడా తప్పనిసరి అన్నారు. 42 ఇళ్ల నుంచి తలా 1,500 రూపాయలు, మొత్తం 63,000 వసూలు చేసి నాలుగు కెమెరాలు పెట్టించాం.

చిక్కంతా దీపాల దగ్గరే వచ్చింది. మున్సిపాలిటీ వారు “లైన్ లేనిదే మేం లైటు పెట్టలేం, కరెంటాఫీసుకు వెళ్లండి” అన్నారు. కరెంటాఫీసు వారు “వీధి దీపాలు మున్సిపాలిటీవి, అక్కడే అడగండి” అన్నారు. ఇలా ఏడుసార్లు తిరిగాను. ఏడోసారి ఒక అధికారి నా దరఖాస్తును చదవకుండానే బల్ల మీద పక్కకు నెట్టి, “మీ గొలుసేం పోలేదు కదమ్మా, మీకెందుకింత ఆరాటం?” అని పదిమంది ముందు అడిగాడు. ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆ క్షణంలో నోట మాట రాలేదు. పక్కింటి పిల్ల భయపడుతుంటే ఆరాటపడడం తప్పా? ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అసలు సంగతి మూడో నెలలో ఒక లైన్‌మన్ ద్వారా తెలిసింది. ఇళ్లకు వెళ్లే సరఫరాను ఆపకుండా వీధి దీపాలను మాత్రమే వెలిగించి, ఆర్పడానికి స్తంభాల మీద విడిగా ఒక తీగ ఉండాలి. దాన్నే మూడో తీగ అంటారు. స్తంభాలు, తీగలు విద్యుత్ పంపిణీ సంస్థవి. దీపాలు, వాటి బిల్లు మున్సిపాలిటీవి. తీగ లాగడానికి ఎంతవుతుందో విద్యుత్ అధికారులు అంచనా వేసి పంపితే, ఆ మొత్తాన్ని మున్సిపాలిటీ కట్టాలి. రెండు కార్యాలయాల్లో ఏ ఒక్కరూ ఈ నాలుగు ముక్కలు నాకు చెప్పలేదు.

వెంటనే సమాచార హక్కు చట్టం కింద ఒకే ప్రశ్న అడిగాను: మా దారికి అంచనా వేశారా, వేస్తే ఏ తేదీన ఎవరికి పంపారు? 30 రోజుల గడువులోపే జవాబు వచ్చింది. అంచనా నేను మొదటిసారి వెళ్లిన వారంలోనే మున్సిపాలిటీకి చేరి, డబ్బు కట్టకుండా ఉండిపోయింది. ఆ కాగితంతో పాటు ఎస్సై గారు రాసిచ్చిన లేఖను కూడా జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. ఈ పనిలో పడేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: నోటిమాట మీద తిరగకండి, ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోండి, పోలీసుల లేఖ మొదటి రోజే సంపాదించండి.

తరువాతి బుధవారం పోలీసు, విద్యుత్, మున్సిపల్ సిబ్బంది ముగ్గురూ కలిసి మా దారికి వచ్చి గంటలో స్తంభాలు లెక్కపెట్టి వెళ్లారు. నాలుగు నెలల్లో వారు ఒకచోట నిలబడి మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. మూడు వారాల్లో తీగ పడింది, దీపాలు వచ్చాయి.

టైమర్ మాత్రం ఇంకా బిగించలేదు. పొద్దున ఆరింటికి నేనే వెళ్లి స్విచ్ ఆర్పుతున్నాను; టైమర్ కోసం రాసిన దరఖాస్తుకు నిన్ననే రసీదు తీసుకున్నాను.