ఈమాక్స్‌లో ఆక్టేవ్ మోడ్ కుదరడానికి పట్టిన మూడు సాయంత్రాలు

విజయవాడలో సంవత్సరం పొడవునా సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలను నేనే లెక్కగట్టి, మా ఇంటి గోడ మీది క్యాలెండరుతో సరిచూసుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ లెక్కకు గణిత లెక్కల కోసం వాడే ఆక్టేవ్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకున్నాను. ఉబుంటు లాప్‌టాప్‌లో ఈమాక్స్ నాకు ముందునుంచీ అలవాటైన ఎడిటర్. ఫైలులోని భాషకు తగ్గట్టు రంగులు వేసి, వరుసలను సర్దే ఏర్పాటును ఈమాక్స్‌లో మోడ్ అంటారు. ఆక్టేవ్ మోడ్ ఈమాక్స్‌తో పాటే వస్తుంది కనుక విడిగా ప్యాకేజీ ఏదీ వేసుకోనక్కరలేదు. అయినా అది సవ్యంగా పనిచేయడానికి గురువారం నుంచి శనివారం దాకా పట్టింది.

గురువారం రాత్రి ‘ఉదయం.ఎమ్’ అనే ఫైలు తెరిచి, మొదటి వరుసలో శాతం గుర్తు పెట్టి ఒక వ్యాఖ్య రాశాను. అది వ్యాఖ్య రంగులోకి మారలేదు. రెండో వరుసలో రోజుల సంఖ్యలను నిలువు వరుసగా మార్చడానికి (1:365)' అని రాయగానే, ఆ చివరి ఒంటి కోట్ గుర్తు దగ్గర రంగులు చెదిరిపోయాయి. ఫర్ లూప్ కింది వరుసలు ఎన్నిసార్లు ట్యాబ్ నొక్కినా తమ చోటికి రాలేదు. అప్పుడు కిటికీ అడుగున ఉండే మోడ్ లైన్ చూస్తే, అక్కడ ఆక్టేవ్ అని కాక ఆబ్జెక్టివ్-సి అనే మరో ప్రోగ్రామింగ్ భాషను సూచించే పొట్టి పేరు ఉంది. ‘.ఎమ్’ అనే తోక రెండు భాషలకూ ఉమ్మడిది. ఈమాక్స్ తన సొంత పట్టికలో దానిని ఆబ్జెక్టివ్-సికి కేటాయించింది. ఆ భాషలో శాతం గుర్తు శేషం కనుక్కోవడానికి, ఒంటి కోట్ గుర్తు అక్షరాన్ని చుట్టడానికి వాడతారు కనుక, రంగులు ఆ లెక్కన సరిగానే పడ్డాయి.

ఆ పట్టిక పేరు ఆటో-మోడ్-అలిస్ట్. అందులో ఒక్కొక్క జతలో ఫైలు పేరుతో పోల్చే ఒక నమూనా, దానికి తగిన మోడ్ ఉంటాయి. ఈమాక్స్ పైనుంచి కిందికి చూస్తూ పోయి, మొదట సరిపోయిన జతను తీసుకుంటుంది. యాడ్-టు-లిస్ట్ అనే ఆదేశం కొత్త జతను పట్టిక మొదట్లో చేరుస్తుంది కనుక, మన మాటే ముందు చెల్లుతుంది.

శుక్రవారం ‘.ఎమ్’ను ఆక్టేవ్ మోడ్‌తో జతచేసే అలాంటి ఒక వరుసను ఇనిట్ ఫైలులో, అంటే ఈమాక్స్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలులో రాసి, ఈమాక్స్‌ను మూసి తెరిచాను. ‘ఉదయం.ఎమ్’ ఫైలు ఆక్టేవ్ మోడ్‌లో వచ్చింది. కానీ నా నోట్సు, పాత పైథాన్ ఫైళ్లు, చివరకు ఆ ఇనిట్ ఫైలు కూడా ఆక్టేవ్ మోడ్‌లోనే తెరుచుకున్నాయి. ఇనిట్ ఫైలులో సెమికోలన్‌తో మొదలయ్యే నా వ్యాఖ్యలన్నీ మామూలు అక్షరాల్లా కనిపించాయి. గంటసేపు వెతికాక రెండు ఆధారాలు దొరికాయి. తొలి వరుసలో ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే షెల్ స్క్రిప్టు మాత్రం సరైన మోడ్‌లో వచ్చింది, ఎందుకంటే ఈమాక్స్ ఆ వరుసను ఈ పట్టిక కంటే ముందే చూస్తుంది. హోమ్ ఫోల్డరుకు బయట, ఈటీసీలో ఉన్న హోస్ట్స్ ఫైలు కూడా ఎప్పటిలాగే తెరుచుకుంది.

తప్పు ఒక్క బ్యాక్‌స్లాష్‌లో ఉంది. నమూనాలో చుక్క అంటే ‘ఏదో ఒక అక్షరం’ అని అర్థం. అది నిజమైన చుక్కే కావాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. కానీ ఇనిట్ ఫైలు రాసే భాష అయిన లిస్ప్ ఆ వాక్యాన్ని చదివేటప్పుడే ఒక బ్యాక్‌స్లాష్‌ను మింగేస్తుంది, కనుక రెండు రాయాలి. నేను ఒకటే రాయడంతో నమూనా ‘ఏదో ఒక అక్షరం, తర్వాత ఎమ్’ అని మిగిలింది. ఈమాక్స్ ఫైలు పేరునే కాక పూర్తి దారిని ఈ నమూనాతో పోలుస్తుంది. హోమ్ అనే మాటలోని ఇంగ్లిషు ఓ, ఎమ్ అక్షరాలు దానికి సరిపోతాయి కనుక, ఆ ఫోల్డరులోని ప్రతి ఫైలూ ఆక్టేవ్ అయిపోయింది. రెండు బ్యాక్‌స్లాష్‌లు, చుక్క, ఎమ్, ఆపైన మళ్లీ రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ఒంటి కోట్ గుర్తు అన్నది సరైన రూపం. చివరి భాగం ‘పేరు ఇక్కడితో ముగియాలి’ అని చెబుతుంది. అది లేకపోతే ‘.ఎమ్‌డి’ ఫైళ్లు కూడా ఇందులోకే వస్తాయి. సరిచేసిన వరుసను అక్కడికక్కడే నడిపితే చాలదు, పాత తప్పు జత పట్టికలోనే ఉండి మిగతా ఫైళ్లను పట్టుకుంటూనే ఉంటుంది. ఈమాక్స్‌ను పూర్తిగా మూసి తెరవాలి.

శనివారం ఈమాక్స్ లోపలే ఆక్టేవ్‌ను నడిపే రన్-ఆక్టేవ్ ఆదేశం ఇస్తే ఈమాక్స్ కదలకుండా నిలిచిపోయింది. కంట్రోల్-జి నొక్కి బయటపడ్డాను. ఆక్టేవ్ సిద్ధమైందని ఈమాక్స్ దాని ప్రాంప్టును, అంటే ఆదేశం టైపు చేసే చోట ముందుగా కనిపించే గుర్తును బట్టి గుర్తిస్తుంది, అందులో ‘>’ గుర్తు కోసం ఎదురుచూస్తుంది. నేను ఎప్పుడో ముచ్చటపడి నా ఆక్టేవ్ సెట్టింగుల ఫైలులో ప్రాంప్టును ‘బెజవాడ:’ అని మార్చుకున్నాను. దాని బదులు ‘>> ’ అని పెట్టగానే సమస్య తీరింది. ఊరి పేరు పోయినందుకు కొంచెం బాధగానే ఉంది. వ్యాఖ్య గుర్తును కూడా శాతంగా మార్చుకున్నాను. ఈమాక్స్ స్వయంగా హ్యాష్ గుర్తు పెడుతుంది, దానిని ఆక్టేవ్‌ను పోలిన మ్యాట్‌ల్యాబ్ అనే భాష అర్థం చేసుకోదు.

ఆ రాత్రే ప్రోగ్రాము నడిచింది. 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, వాతావరణంలో వెలుగు వంగడాన్ని, సూర్యబింబం పరిమాణాన్ని కలుపుకొని, జూన్ 21న పగలు 13 గంటల 7 నిమిషాలు వచ్చింది. మన రేఖాంశం, భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీలకు పడమరగా ఉన్నందువల్ల గడియారానికి సుమారు ఏడున్నర నిమిషాలు కలిపాను. అయితే ఏడాదిలో ఒక దశలో 16 నిమిషాల దాకా వెళ్లే, సూర్యగడియారానికీ మామూలు గడియారానికీ మధ్య తేడాను ఇంకా చేర్చలేదు. అది పగటి నిడివిని మార్చదు గానీ ఉదయపు వేళను మారుస్తుంది, కనుక క్యాలెండరుతో పోల్చడం ఆ సూత్రం రాశాకే మొదలుపెడతాను.