గర్భసంచి తీయించుకునే ముందు మూతి పరీక్ష చేయించుకోండి

పరకాల నుంచి మహబూబాబాద్ దాకా ఏ ఊళ్లోనైనా ఈ మాట వినిపిస్తుంది: "సంచికి పుండయిందట, తీసెయ్యకుంటే క్యాన్సర్ అయితదన్నరు." అన్నది ఒక్కోసారి ఊళ్లో ఆర్‌ఎంపీ, ఒక్కోసారి టౌన్‌లో నర్సింగ్‌హోం. తెల్లబట్ట అవుతోందనో, నడుం గుంజుతోందనో, బహిష్టు ఎక్కువవుతోందనో వెళ్లిన మనిషి నలభై ఏళ్లు నిండకుండానే ఆపరేషన్ చేయించుకుని వస్తుంది. గర్భసంచి తీసివేతలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 2019–21లో జరిగిన అదే సర్వేలో, 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి మూతి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే క్యాన్సర్ భయంతో సంచి పోగొట్టుకుంటున్న వాళ్లలో చాలామందికి, ఆ భయం నిజమో కాదో చెప్పే చిన్న పరీక్ష జరగడం లేదు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ముందు ఆ "పుండు" సంగతి. మూతి లోపలి గొట్టంలో ఉండే పలుచని ఎర్రటి పొర కొందరిలో బయటికి తిరిగి కనిపిస్తుంది. కాన్పులయినవాళ్లలో, గర్భంతో ఉన్నవాళ్లలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇది మామూలే. దానివల్ల తెల్లబట్ట కాస్త ఎక్కువ కావచ్చు. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. చూడ్డానికి ఎర్రగా ఉంది కాబట్టి పుండు అనేస్తారు. కంటితో ఊరికే చూసి ఇది మంచిదా చెడ్డదా అని ఎవరూ తేల్చలేరు. స్కానింగ్‌లో కూడా తేలదు, మూతి మీద క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు అందులో కనిపించవు. తేలాలంటే మూడు దారులు: వీఐఏ (ఆమ్లం అద్ది మూతిని చూడటం), పాప్ స్మియర్ (మూతి కణాలు తీసి ల్యాబ్‌లో చూడటం), హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూడటం).

ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నది వీఐఏ. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు, ఐదేళ్లకోసారి. ఏ ఇబ్బందీ లేనివాళ్లు చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. "నాకేం కాలె, నాకెందుకు" అనే మాటకు జవాబు కూడా అందులోనే ఉంది. హెచ్‌పీవీ వైరస్ సోకాక చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో కణాలు మారడం మొదలై క్యాన్సర్ అయ్యేసరికి పది, పదిహేనేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ నొప్పి ఉండదు, రక్తం పడదు. పట్టుకోగలిగే కాలం అదే.

పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి భర్తతో కలవకూడదు, లోపల పెట్టుకునే మందులు వాడకూడదు, లోపల కడగకూడదు. బహిష్టులో వద్దు. గర్భంతో ఉంటే వద్దు, కాన్పయితే 12 వారాలు దాటనివ్వండి. వెళ్లగానే మూత్రం పోసుకుని రండి. మూత్రసంచి నిండి ఉంటే అసౌకర్యం రెట్టింపవుతుంది.

బల్ల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి, నడుం కింద నుంచి దుప్పటి కప్పుతారు. చీర విప్పనక్కర్లేదు, పైకి జరుపుకుంటే చాలు. స్పెక్యులమ్ అనే, బాతుముక్కులా రెండు రేకులున్న పరికరాన్ని గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా లోపలికి పెట్టి తెరుస్తారు. ఇందులో చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. మామూలు కాన్పు కానివాళ్లు, ముట్లుడిగినవాళ్లు "చిన్నది పెట్టండి" అని అడగవచ్చు. పిరుదులు బిగబట్టకుండా బల్లకు ఆనించి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదిలితే చాలా తేలికవుతుంది. దూదితో మూతి తుడిచి, 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, అద్దిన దూదిని ఒక నిమిషం ఆనిస్తారు. కాస్త చురుక్కుమంటుంది. మారిన కణాలున్న చోట అంచు స్పష్టంగా ఉండే తెల్లటి మచ్చ లేస్తుంది. అంతా ఐదు నిమిషాలు. ఫలితం అక్కడే చెబుతారు.

తేడా ఎక్కడ వస్తుందో సిబ్బందికీ చెప్పాలి. 5 మిల్లీలీటర్ల గ్లేసియల్ అసిటిక్ ఆమ్లానికి 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపితే 5 శాతం అవుతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. నిన్నటి సీసాతో చేస్తే మచ్చ తేలకపోవచ్చు. కలపని ఆమ్లం తగిలితే కాలుతుంది కాబట్టి ఆ రెండు సీసాలూ పక్కపక్కన ఉండకూడదు. క్యాంపులో వరుస పెరిగేకొద్దీ నిమిషం కాస్తా పదిహేను సెకన్లవుతుంది, అప్పుడు ఉన్న మచ్చ కూడా కనబడదు. లైటు సరిగ్గా లేకపోయినా అంతే. ముట్లుడిగాక మార్పులు మొదలయ్యే అంచు గొట్టంలోకి జరిగిపోతుంది. అందుకే యాభై దాటినవాళ్లకు వీఐఏ బాగుందన్నా పూర్తిగా నమ్మలేం, పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ గానీ అడగడం మంచిది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 ఏళ్ల నుంచే, ఇంకా తక్కువ ఎడంతో చేయించుకోవాలి.

పాప్ స్మియర్‌లో తీసిన కణాలను స్లైడ్ మీద పూసిన వెంటనే స్పిరిట్‌లో ముంచాలి. గాలికి ఆరితే కణాలు పాడై రిపోర్టు "అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ" అని వస్తుంది. దానర్థం క్యాన్సర్ కాదు, మళ్లీ తీయాలి. "ఇన్‌ఫ్లమేటరీ" అంటే వాపు, ఇన్‌ఫెక్షన్. ఈ మాట చూపించి సంచి తీద్దామంటే ఒప్పుకోకండి. "హెచ్‌సిల్" (HSIL), అంటే కణాలు బాగా మారాయని ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా కాల్పోస్కోపీకి, అంటే మూతిని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు వెళ్లాలి.

ఇక వెళ్లనివ్వని సంగతులు. సిగ్గు ఒకటే కాదు. వైరస్ కలయికతో సోకుతుందని తెలియగానే "ఎవరితో తిరిగింది" అనే అనుమానం మొదలవుతుంది. పెళ్లయినవాళ్లలో చాలామందికి, మగవాళ్లతో సహా, ఎప్పుడో ఒకప్పుడు సోకేదే ఇది. ఏళ్లతరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది కాబట్టి ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పదు. ఈ సంగతి ఆడవాళ్ల మీటింగుల్లో కన్నా భర్తలకు చెప్పడం ఎక్కువ అవసరం. మగ డాక్టర్ ఉంటాడేమోనన్న భయానికి ఆశ వర్కర్‌నో ఏఎన్‌ఎంనో ముందే అడిగి వెళ్లవచ్చు. తలుపు వేయమనడం, వెంట వచ్చిన ఆడమనిషిని పక్కన ఉంచుకోవడం, మధ్యలో "ఆపండి" అనడం మీ హక్కు.

మన పక్క జిల్లాలో జరిగింది కూడా మరచిపోకూడదు. 2009లో ఖమ్మంలో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నాక చనిపోయిన కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రులకు బదులు వార్డెన్లతో సంతకాలు పెట్టించడం లాంటి తప్పులు బయటపడ్డాయి. ఆడపిల్లల ఒంటికి సంబంధించి ఏ క్యాంపు వచ్చినా ఇక్కడివాళ్లు అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం. ఏం చేస్తున్నారో, ఎందుకో ముందు చెప్పి, ఒప్పుకున్నాకే బల్ల ఎక్కించాలి.

వీఐఏలో మచ్చ తేలితే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. మచ్చ మూతిలో ముప్పావు భాగం లోపే ఉండి, గొట్టంలోకి పోకుండా, క్యాన్సర్ అనుమానం లేకుండా ఉంటే థర్మల్ అబ్లేషన్ చేస్తారు. 100 డిగ్రీల వేడి మొన, 20–30 సెకన్లు. లేదంటే చల్లదనంతో గడ్డకట్టించే క్రయో: మూడు నిమిషాలు గడ్డకట్టించి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ మూడు నిమిషాలు. తర్వాత కొన్ని వారాలు నీళ్లలా కారుతుంది, నాలుగు వారాలు కలవకూడదు. ఏడాదికి మళ్లీ చూపించుకోవాలి. సంచి ఉన్నచోటే ఉంటుంది.

2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారాలు ఆడవాళ్లకు ఈ పరీక్షలు కూడా పెట్టారు. మీ పీహెచ్‌సీలో ఎలా ఉందో కనుక్కుని వెళ్లండి. వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో జీఎంహెచ్ అనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి, క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు రోజుల్లో కూలి పోతుందని ఎవరూ రారు, క్యాంపులు పెట్టేవాళ్లు ఆ నెలలు చూసుకోవాలి. పేరు రాయించేటప్పుడు కొడుకుదో భర్తదో కాక మీ ఫోన్ నంబరే ఇవ్వండి. రిపోర్టు వాళ్ల చేతికి పోయి మీదాకా రాకపోవడం మామూలుగా జరిగే పని.

కలిసిన తర్వాత రక్తం పడినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడినా, వాసనతో కూడిన తెల్లబట్ట తగ్గకపోయినా మంగళవారం కోసం ఆగొద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఆపరేషనే తప్పదంటే ముందు మూతి పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. లోపల క్యాన్సర్ ఉండి అది తెలియకుండా మామూలుగా సంచి తీస్తే, ఆ ఆపరేషన్ చాలదు. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు, చుట్టూ ఉన్న కండ, గ్రంథులు కూడా తీస్తారు. సగం పనయ్యాక రేడియేషన్ పెట్టాల్సి వస్తుంది. ఇప్పటికే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం బయటికి తీసి చూడండి: మూతి కూడా తీశారా, వదిలారా? వదిలి ఉంటే మీకు పరీక్ష అందరిలాగే అవసరం. తీసిన సంచిని బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో ల్యాబ్‌లో చూడటానికి పంపారా? పంపితే ఆ రిపోర్టు అడిగి తెచ్చుకోండి.