పిచ్చి కాదు, కల్లు బందైంది

"పిచ్చి లేసింది సార్, సింగిల్ సెల్‌ల ఏద్దామా?" అన్నడు వార్డర్ పొద్దుగాల. మనిషేమో ఒంటి మీద లేని పురుగులు ఏరుకుంటున్నడు. జైలుకొచ్చి మూడో రోజు.

ఇటు వరంగల్ దిక్కు కొన్ని దుకాణాల కల్లుల అల్ప్రాజోలం, డైజెపాం అనే మత్తు మందులు కలుపుతరు. లోపలికి రాంగనే అది ఒక్కసారే ఆగుతది. వణుకు, నిద్ర పట్టకపోవుడు, ఫిట్స్. సారా, విస్కీ తాగెటోళ్లకు ఫిట్స్ ఎక్కువగ తాగుడు బందైన మొదటి 48 గంటల్ల వస్తయి. ఈ కల్లుకైతే ఇంకా ఆలస్యంగ సుత రావచ్చు. రెండో రోజు మంచిగున్నడని వదిలెయ్యొద్దు.

అడ్మిషన్‌ల "తాగుతవా?" అంటే లేదంటడు. ఆయన లెక్కల కల్లు తాగుడే కాదు మరి! రోజుకెన్ని సీసలు, ఆఖరిసారి ఎప్పుడు అని అడగాలె, అదీ ఎస్కార్ట్ పోలీసులు పక్కన లేనప్పుడు.

సింగిల్ సెల్ అస్సలొద్దు. రాత్రి ఫిట్స్ వస్తే చూసెటోడుండడు. డాక్టర్ మందు మొదలువెట్టి మెల్లగ తగ్గిస్తడు. కౌన్సెలింగ్ ఆ తర్వాతనే, వణికే మనిషికి మన మాటలేం ఎక్కయ్.

అసలు సంగతి చెప్పేది ఇంటోళ్లే. 2021ల వరంగల్ సెంట్రల్ జైలు ఖాళీ చేసినంక ఇక్కడోళ్లకు ములాఖత్ దూరమైంది. అందుకే మొదటి ఫోన్ కాల్‌లనే భార్యనో తల్లినో అడుగుమంటున్న మా టీమోళ్లను.