పఴవందాంగల్‌కు ఒక టిక్కెట్

తెనాలి నుంచి చెన్నై వచ్చిన కొత్తలో మేముండే పేట పేరే నాకు పలకడం రాలేదు. పఴవందాంగల్. బీచ్ నుంచి తాంబరం వెళ్లే లోకల్ రైలులో సెయింట్ థామస్ మౌంట్ దాటగానే వచ్చే స్టేషన్. అందులోని తమిళ అక్షరం 'ఴ' నా నోట 'ళ' అయిపోయేది.

కింది వాటాలో ఉండే పెద్దావిడను అందరం పాట్టి అని పిలుస్తాం. "ళ అనేటప్పుడు నాలుక కొన అంగిలికి తగులుతుందమ్మా. దీనికి తగలకూడదు. వెనక్కి మడిచి, గాలిలోనే నిలుపు" అన్నారు. ఒక ఆదివారం అద్దం ముందు మఴై, కోఴి, పఴం అంటూ వందసార్లు వల్లె వేశాను. చివరకు వచ్చింది. ఎంత సంతోషించానో! సోమవారం పొద్దున మళ్లీ ళ.

జ్ఞాపకశక్తి మీద జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరీక్షల గురించి ఆ రోజుల్లోనే చదివాను. అర్థంలేని 12 అక్షరాల వరుసను ఒక్కరోజే 68 సార్లు వల్లె వేస్తే ఎంత ఫలితమో, మూడు రోజులకు పంచి 38 సార్లు వేసినా అంతేనట. ఆయన పరీక్షించింది జ్ఞాపకాన్ని. నాలుకకూ అదే వర్తిస్తుందని నాకు అనిపించింది.

అందుకే సీజన్ టిక్కెట్ చవకైనా తీసుకోలేదు. రోజూ ఆఫీసు వదిలాక మాంబలం కౌంటర్ దగ్గర "ఒరు పఴవందాంగల్" అనేదాన్ని. లోపలున్న ఆవిడ టిక్కెట్ ఇస్తూ ఆ పేరును సరిగా పలికేవారు. రోజుకు ఒక్కసారే, కానీ వినే మనిషి ఎదురుగా ఉన్నారు. అద్దం ఏనాడూ నన్ను దిద్దలేదు.

ఈలోగా మరో సంగతి తెలిసింది. తమిళుల ఏఴు మన ఏడు, వాళ్ల కోఴి మన కోడి. మన పాత శాసనాల్లో ఈ ఴ అక్షరం ఉండేది. మన ఇంట్లో పోయిన వస్తువు పొరుగింట భద్రంగా కనిపించినట్టయింది. అప్పటినుంచి ఆ ధ్వనిని పరాయిదనుకోలేకపోయాను.

ఏడో వారంలో ఒక సాయంత్రం కౌంటర్‌లో ఆవిడ ఆ ఊరి పేరును తిరిగి పలకలేదు. చిల్లర ఇచ్చి, నా వెనకాల నిలబడ్డవారి వైపు చూశారు. ఆ తరువాత కూడా రెండు వారాలు టిక్కెట్లే కొన్నాను. ఒక్కరోజు తప్ప ప్రతిసారీ సరిగా వచ్చింది.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక పాట్టి మనవరాలూ నేనూ మెట్ల మీద కూర్చుని "ఏఴైక్ కిఴవన్ వాఴైప్పఴత్ తోల్ మేల్ వఴుక్కి విఴుందాన్" అని మూడుసార్లు చెప్పుకుంటాం. పేద ముసలాయన అరటిపండు తొక్క మీద జారిపడ్డాడని అర్థం. ఆరు చోట్ల ఴ. ప్రస్తుతానికి నాకు వాఴైప్పఴం దాకా వచ్చింది.